ముళ్లపొద ఎవరిది?

పాఠ్యపుస్తకాల్లో మన కవుల గురించి ఈ ఆదివారం రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరిపాను. కారణం మా అన్న కొడుకు.

వాడు ఫ్లోరిడాలో ఎంఎస్ చేస్తున్నాడు. నలుగురు తెలుగు పిల్లలు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. పోయిన నెల నలుగురూ పైసలు పోగేసుకుని ఓర్లాండో పోయి డిస్నీ వరల్డ్ చూసొచ్చారు. వచ్చిన రాత్రి రూమ్‌లో వాదన మొదలైంది. వాళ్లలో ఒకడు చిన్నప్పుడు సెలవులకు అమెరికాలోని బాబాయి ఇంటికి పోయి అదే పార్కు చూసినవాడు. అప్పుడు వాడెక్కిన రైడ్ ఇప్పుడు లేదు. బొమ్మలు తీసేసి, పేరు మార్చి, ఒక నల్లజాతి రాకుమారి కథ పెట్టారు. "మంచి రైడ్‌ని నాశనం చేశారు. రిజర్వేషన్లు ఇక్కడికీ వచ్చినయ్. ఇది కోటాలో వచ్చిన రైడ్" అన్నాడట. అందరూ పడీ పడీ నవ్వారట.

"నేను కూడా నవ్విన అత్తా" అన్నాడు మావాడు ఫోన్‌లో. కొంచెం ఆగి, "వాళ్లకు నా సంగతి తెల్వదు" అన్నాడు.

ఈ పోస్టు ముందుగా వాడి కోసం. క్యాంపస్‌లో, హాస్టల్‌లో, ఆఫీసులో అట్లాగే నవ్వాల్సొచ్చిన మిగతా పిల్లల కోసం కూడా.

ఆ రైడ్ నేను ఎక్కలేదు. ఆ దేశమే పోలేదు. ఎక్కని రైడ్ గురించి నీకేం తెలుసని ఎవరైనా అడగొచ్చు. గుడి మెట్లు ఎక్కనివ్వకపోయినా గుడి గురించి మనకు తెలియనిదేముంది?

సంగతి ఇదీ. స్ప్లాష్ మౌంటెన్ అని ఒక రైడ్. 1989లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో మొదలైంది. 1992లో ఫ్లోరిడాలోనూ టోక్యోలోనూ కట్టారు. దుంగను తొలిచినట్టుండే పడవలో కూర్చుంటారు. నీటి కాలువలో మెల్లగా పోతుంటే రెండు పక్కలా మరబొమ్మలు పాటలు పాడుతుంటాయి. ఒక కుందేలు, దాన్ని పట్టుకోవాలని తిరిగే నక్క, ఎలుగుబంటి. చివరికి నక్క కుందేలును పట్టుకుంటుంది. అప్పుడు పడవ దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా కిందికి జారుతుంది. కేకలు, నీళ్లు, ఫొటో. ఆ పడే చోట ముళ్లపొద ఉంటుంది.

ముళ్లపొద ఎందుకు? అక్కడే ఉంది కథంతా.

అది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు అమెరికా పత్తి తోటల్లో చెప్పుకున్న కథ. కుందేలు నక్కకు దొరికిపోతుంది. "నన్ను కాల్చు, ఉరి తీయి, నీళ్లలో ముంచు, ఏమైనా చెయ్యి, ఆ ముళ్లపొదలో మాత్రం పడెయ్యకు" అని బతిమాలుతుంది. నక్కకు కావాల్సింది కుందేలు బాధపడటం. కాబట్టి సరిగ్గా ముళ్లపొదలోకే విసురుతుంది. కుందేలు పుట్టి పెరిగిందే ఆ ముళ్లలో. అవతలి వైపు నుంచి బయటికొచ్చి నక్కను వెక్కిరిస్తూ పోతుంది. కొరడా ఎవరి చేతిలో ఉందో, బుర్ర ఎవరి దగ్గరుందో రాత్రిపూట పిల్లలకు చెప్పుకునే పద్ధతి అది. ఊరి చివర తుమ్మచెట్ల పక్కన పుట్టినవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ కథల్ని పుస్తకంగా వేసింది మాత్రం చెప్పినవాళ్లు కాదు. జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్లజాతి పత్రికా రచయిత. కుర్రతనంలో జార్జియా రాష్ట్రంలో ఒక తోటలో అచ్చుపని నేర్చుకుంటూ, అక్కడి బానిసల గుడిసెల దగ్గర కూర్చుని విన్నాడు. 1880లో అచ్చేశాడు. కథలు చెప్పడానికి అంకుల్ రీమస్ అని ఒక ముసలాయన్ని సృష్టించాడు. నల్లజాతి ముసలాయన, ఎప్పుడూ నవ్వుతుంటాడు, తెల్లదొర పిల్లవాడిని కూర్చోబెట్టుకుని కథలు చెబుతాడు, పాతరోజులే బాగుండేవంటాడు. దొరను ఎట్లా ఏమార్చాలో చెప్పే కథల్ని దొర కొడుకును నిద్రపుచ్చే కథలుగా మార్చేశారు. ఇంతకంటే పెద్ద దొంగతనం నాకు తెలియదు. హారిస్ పుట్టిన ఊళ్లోనే పుట్టిన రచయిత్రి ఆలిస్ వాకర్ తన వారసత్వాన్ని కొల్లగొట్టారనే అర్థంలో దీని మీద గట్టిగా రాసింది.

దాన్నే డిస్నీ కంపెనీ 1946లో సినిమాగా తీసింది. పేరు సాంగ్ ఆఫ్ ది సౌత్. అంకుల్ రీమస్ వేషం వేసిన జేమ్స్ బాస్కెట్ గొప్ప నటుడు. సినిమా మొదటి ఆట అట్లాంటా నగరంలో వేశారు. ఆ ఊళ్లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ అన్నీ వేరు వేరు. తన సినిమా పండగకు తానే పోలేకపోయాడు. 1948లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆ ఏడాదే చనిపోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 1946 అన్న అంకె చూడగానే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. ఆ ఏడాదే బాబాసాహెబ్ అమెరికాలో డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. అంటరానివాళ్ల స్థితికీ అమెరికా నల్లజాతి స్థితికీ ఎంతో పోలిక ఉందని, నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగాడు. డుబోయిస్ జవాబు కూడా రాశాడు. మన పిల్లలకు ఈ ఉత్తరం సంగతి ఎంతో కొంత తెలుసు. అయితే అదే నేషనల్ నీగ్రో కాంగ్రెస్ వాళ్లు అదే ఏడాది చివర్లో పెద్ద నగరాల్లో ఈ సినిమా ఆడుతున్న థియేటర్ల ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారని ఎంతమందికి తెలుసు? ఎన్ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ కూడా పత్రికలకు రాశాడు. సినిమాలో పనితనం ఉందని ఒప్పుకుంటూనే, యజమానికీ బానిసకూ మధ్య ఏదో తియ్యటి బంధం ఉన్నట్టు చూపడాన్ని తప్పుపట్టాడు. సినిమా కథ యుద్ధం అయిపోయి బానిసత్వం రద్దయ్యాక జరుగుతుందని కంపెనీ మొదట్నుంచీ అంటూనే ఉంది. చూసేవాడికి అది తెలియకపోవడమే అందులోని నేర్పు.

కాబట్టి "ఇన్నాళ్లూ లేని అభ్యంతరం ఇప్పుడెందుకు" అన్నవాళ్లకు జవాబు ఇదే: మొదటి రోజు నుంచీ ఉంది. మీరు ఇప్పుడు విన్నారు.

కంపెనీకి కూడా తెలుసు. 1986 తర్వాత ఆ సినిమాను అమెరికా థియేటర్లలో మళ్లీ వేయలేదు. అక్కడ క్యాసెట్‌గా అమ్మలేదు, తమ ఓటీటీలోనూ పెట్టలేదు. సినిమాను బీరువాలో పెట్టి తాళం వేసి, మూడేళ్లకు అదే సినిమా మీద కొండ కట్టి టికెట్లు అమ్మింది! ముసలాయన్ని తీసేశారు. కథలో ఉండే తారు బొమ్మ స్థానంలో తేనె పట్టు పెట్టారు. కుందేలు, నక్క, పాటలు మిగిలాయి. మచ్చ కడిగేశాం అనుకున్నారు. నిజానికి కడిగేసింది ఆ కథ ఎవరిదన్న గుర్తును.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాయనమ్మ దొర ఇంట్లో పని చేసేది. పేడకళ్లు ఎత్తడం, వడ్లు దంచడం, పిల్లలు అన్నం తినకపోతే కథలు చెప్పడం. పిల్లలు అరుగు మీద, ఆమె కింద వాకిట్లో. ఆమె చెప్పే వాటిలో ఒక తాబేలు కథ ఉండేది. దొరికిపోయిన తాబేలు "రోట్లో వేసి దంచుండ్రి, పొయ్యిల పెట్టి కాల్చుండ్రి, చెరువుల మాత్రం ఏయకుండ్రి" అని ఏడుస్తుంది. కథ ఎటు పోతుందో మీకు అర్థమైపోయింది. సముద్రాలకు ఆవల పత్తి తోటలో కుందేలు, ఇవతల చెరువు కట్ట మీద తాబేలు. దొరికిపోయినవాడి తెలివి ఎక్కడైనా ఒకటే.

చాలా ఏళ్లకు ఆ పిల్లల్లో ఒకాయన ఉద్యోగం నుంచి రిటైరై, చిన్ననాటి ముచ్చట్లతో ఒక పుస్తకం వేశాడు. పేరు చెప్పను. పుస్తకం బాగానే ఉంది, నిజం చెప్పాలంటే చదివిస్తుంది. అందులో మా నాయనమ్మ ఉంది. "మా ఇంటి ముసలామె". పేరు లేదు. "ఆమె ఒడిలో పెరిగాం" అని రాశాడు. మా నాన్నకు ఆ పేజీ చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒడిలనా? కొంగు తగిలితె తానం జేయించేటోళ్లు బిడ్డా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. టీ తాగి పడుకున్నాడు.

ఆయన అబద్ధం రాశాడని నేననుకోను. ఆయనకు నిజంగానే అట్లా గుర్తుండి ఉంటుంది. బాల్యం మీద ప్రేమ అంటే అదే. అరుగు మీద కూర్చున్నవాడికి అరుగు ఎత్తు గుర్తుండదు.

స్ప్లాష్ మౌంటెన్ అభిమానుల దుఃఖాన్ని కూడా నేను అట్లాగే చూస్తాను. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపాడు. దేశమంతా రోడ్ల మీదికొచ్చింది. రైడ్ మార్చాలని ఒక పిటిషన్, మార్చొద్దని ఇంకో పిటిషన్. జూన్ 25న కంపెనీ మారుస్తున్నామని ప్రకటించింది, 2019 నుంచే ఆలోచిస్తున్నామని కూడా అంది. 2023 జనవరిలో ఫ్లోరిడాలో మూసేశారు. మే చివర్లో కాలిఫోర్నియాలో. చివరి రోజుల్లో గంటల తరబడి క్యూలు. ఆ కాలువలోని నీళ్లంటూ సీసాల్లో పోసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు కొందరు. మనవాళ్లు పుష్కరాల నీళ్లు తెచ్చుకున్నట్టే! నవ్వొచ్చింది గానీ వెక్కిరించను. చనిపోయిన అమ్మతో చివరిసారి ఎక్కిన రైడ్ అని ఒకామె ఏడుస్తుంటే వీడియోలో చూశాను. ఆ ఏడుపు నిజం. దానికి విలువ లేదనడానికి నేనెవర్ని?

కానీ ఆ జ్ఞాపకం ఎంత లోతుకు పోతుందో కూడా అడగాలి కదా. కాలిఫోర్నియాలో ఆ రైడ్ ఉన్న మూలను తవ్వండి. కొండ కట్టకముందు ఆ ప్రాంతం పేరు బేర్ కంట్రీ. ఆదివాసీ బతుకంటూ నిజమైన ఆదివాసీలతో నాట్యాలు ఆడించి చూపించిన ఇండియన్ విలేజ్‌ను 1971లో మూసేసి దాన్ని తెచ్చారు. ఇండియన్ విలేజ్ కోసం ఎన్ని సీసాల నీళ్లు దాచారు? ఇక ఆ రైడ్‌లోని మరబొమ్మలు. వాటిలో చాలావరకు అమెరికా సింగ్స్ అనే పాత ప్రదర్శన నుంచి తెచ్చినవి. ఆ ప్రదర్శన 1974లో మొదలైన కొద్ది రోజులకే అక్కడ పని చేసే 18 ఏళ్ల అమ్మాయి తిరిగే గోడకూ కదలని గోడకూ మధ్య నలిగి చనిపోయింది. బొమ్మలు ఏ సంవత్సరం ఎక్కడి నుంచి ఎక్కడికి మారాయో అభిమానులు వేళ్ల మీద లెక్కచెబుతారు. ఆ అమ్మాయి సంగతి మాత్రం ఏదో భయపెట్టే ముచ్చటలా చెప్పుకుంటారు.

ఇక కొత్త రైడ్. టియానాస్ బయూ అడ్వెంచర్. 2024 జూన్‌లో ఫ్లోరిడాలో, నవంబర్‌లో కాలిఫోర్నియాలో మొదలైంది. 2009లో వచ్చిన ది ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్ సినిమాలోని టియానా, డిస్నీ మొదటి నల్లజాతి రాకుమారి. న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ పెట్టాలని కష్టపడే అమ్మాయి. ఆ పాత్రకు ప్రేరణ లియా చేజ్. 1960లలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర తినడమే నేరమైన రోజుల్లో, ఉద్యమ నాయకులకు తన హోటల్ పైఅంతస్తులో అన్నం పెట్టిన వంటమనిషి ఆమె. సహపంక్తి భోజనం అంటే ఏమిటో మనకు తెలుసు, కాబట్టి లియా చేజ్ ఎవరో కూడా మనకు తెలిసినట్టే.

అభిమానులు కొత్త రైడ్‌కు పెట్టే వంకల్లో కొన్ని సబబే. కథలో ప్రమాదమే లేదంటారు. పాత దాంట్లో కుందేలు ప్రాణం మీదికొచ్చి పడవ పడేది. ఇందులో ఒక విందుకు వాయిద్యగాళ్లను వెతుక్కుంటూ పోతారు, పడతారు, విందు. సినిమాలోని మంత్రగాడు, ఆ ముఖ్యమైన దుష్టపాత్ర, ఎక్కడా లేడు. నాకు కూడా వీడియో చూస్తే అదే అనిపించింది. 1920ల దక్షిణాది, నల్లజాతి అమ్మాయి, ఎదురే లేదు! రైడ్ కథ ప్రకారం టియానా ఇప్పుడు ఒక సహకార సంస్థ నడుపుతోంది, పనిచేసేవాళ్లే అందులో యజమానులు. ఎంత బాగుంది! ఆ సహకార సంస్థ బోర్డు పక్కన పడవల్లోకి మనుషుల్ని ఎక్కించేవాళ్ల సంగతేమిటి? ఫ్లోరిడా పార్కులో వాళ్ల కనీస వేతనం గంటకు 15 డాలర్ల నుంచి 18కి రావడానికి 2023 దాకా యూనియన్ కొట్లాడాల్సొచ్చింది. కాలిఫోర్నియాలో 2024 జూలైలో వేలమంది సమ్మెకు సిద్ధమని ఓటేశాకే ఒప్పందం కుదిరింది. బొమ్మకు వాటా ఉంది, మనిషికి గంట కూలి ఉంది.

అయినా ఒక మాట. పచ్చగౌను వేసుకున్న చిన్న నల్లపిల్లలు పడవ దిగి గంతులేయడం చూశాను. మన పిల్లలు ఒక విగ్రహం కింద నిలబడి అచ్చం అట్లాగే వేలు చూపిస్తూ ఫొటో దిగుతారు. ఆ గంతును ఎవడైనా "కోటా" అంటే నేను ఊరుకోను. నా లెక్కలో ఆ రైడ్ మార్చడం సరైన పనే.

నా తగువు వేరే చోట ఉంది. పారేసిన వాటిలో అంకుల్ రీమస్ లేడు, ఆయన్ని 1989లోనే తీసేశారు. ఇప్పుడు పారేసింది కుందేలును. బానిసలు తమ కోసం తాము కల్పించుకున్న ఒకే ఒక్క పాత్రను, వాళ్ల మీద కట్టిన అబద్ధంతో కలిపి చెత్తబండిలో వేశారు. దొంగ సొత్తు దొరికితే సొంతదారుకు అప్పజెప్పాలి గానీ బావిలో పడేస్తారా? అదే కొండ, అదే జారుడు, అదే ముళ్లపొద ఉంచి, ఈ కథ ఎవరిదో, ఏ రాత్రుల్లో ఎవరి భయంలో పుట్టిందో చెప్పి ఉండొచ్చు. ఆ కథలు ఇప్పటికీ చెప్పే నల్లజాతి కథకులున్నారు. వాళ్ల గొంతు పెట్టొచ్చు. ఇట్లా అడిగినవాళ్లు అక్కడ కొందరున్నారు. "చిన్ననాటి జ్ఞాపకం" అని ఒకవైపు, "పాతది పోవాలి" అని ఒకవైపు అరుపుల్లో వాళ్ల మాట వినపడలేదు.

కంపెనీకి మాత్రం లెక్క తేలిక. కుందేలు కథ 1880 నాటి పుస్తకంలోది, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా చెప్పుకోవచ్చు, బొమ్మ చేసి అమ్ముకోవచ్చు. టియానా అట్లా కాదు. గౌను, బొమ్మ, వంటపుస్తకం, తినుబండారం, అన్నీ కంపెనీవి. ఎప్కాట్‌లో నార్వే దేశం పేరుతో ఉన్న పడవ రైడ్‌ను తీసేసి 2016లో ఫ్రోజెన్ సినిమా పెట్టింది కూడా ఈ లెక్కతోనే, అక్కడ జాతి గొడవేమీ లేదు. ఒక దేశం మీద హక్కు ఉండదు, ఎల్సా మీద ఉంటుంది. న్యాయం కోసం జనం రోడ్డెక్కిన నెలలో, న్యాయమూ లాభమూ ఒకే దారిలో కనిపించాయి కాబట్టి కంపెనీ ఆ దారిలో నడిచింది. దారి వేరయిన చోట ఏం చేస్తుందో చూడాలంటే టోక్యో చూడండి. అక్కడి పార్కును నడిపేది వేరే కంపెనీ, డిస్నీ పేరు వాడుకునేందుకు రుసుము కడుతుంది. ఆ కుందేలు అక్కడ ఇంకా జారుతూనే ఉంది.

ఇవన్నీ ఫోన్‌లో మావాడికి ముక్కలు ముక్కలుగా చెప్పాను. "రూమ్‌లో పోయి ఇదంతా చెప్పమంటవా అత్తా?" అన్నాడు. చెప్పమనలేదు. వాడి అద్దె, వాడి వంట వంతు, వాడి రిఫరల్ అన్నీ ఆ ముగ్గురితో ముడిపడి ఉన్నాయి. ఇక్కడ కూర్చుని ధైర్యం చెప్పడం నాకు తేలిక. నవ్వినందుకు సిగ్గుపడొద్దని మాత్రం చెప్పాను. దొరికిపోయినప్పుడు కుందేలు కూడా ఏడ్చింది కదరా, అది ఏడుపేనా?

మొన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. నాయనమ్మ తాబేలు కథ ఎక్కడైనా రికార్డింగ్ ఉందా అని. లేదు. ఆమె పోయేనాటికి మా ఇంట్లో ఫోన్ కూడా లేదు. ఆదివారం నాన్నను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు పెట్టాను. ఆయనకు కథ గుర్తులేదు. చెరువు మధ్యకు పోయాక తాబేలు తల పైకెత్తి దొరను తిట్టే తిట్టు ఒక్కటి గుర్తుంది, పొల్లుపోకుండా. ఇక్కడ రాయలేను, అంత పచ్చిగా ఉంది.

ఆ పుస్తకంలో కథంతా ఉంది, నాలుగు పేజీలు. తిట్టు లేదు. తాబేలు నీళ్లలో పడి సంతోషంగా ఈదుకుంటూ పోయింది అని ఉంది. ఆ నాలుగు పేజీలూ ఫొటో తీసి, నాన్న రికార్డింగ్‌తో కలిపి వాడికి పంపాను.